నష్టభయం తక్కువగా ఉండాలంటే ఏ రకం కంపెనీ షేరు? ఆరు రంగాల పోలిక

పెట్టిన సొమ్ము పోకూడదు, వీలైతే నిదానంగా పెరగాలి అనుకునేవారు షేర్ల వైపు చూసినప్పుడు అడిగే మొదటి ప్రశ్న, ఏ షేరు పడదు అని. పడని షేరంటూ లేదు కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు కూడా లేదు. మార్కెట్ మొత్తం కుంగినప్పుడు అప్పు లేని కంపెనీ షేరూ పడుతుంది, పీకల దాకా అప్పున్న కంపెనీ షేరూ పడుతుంది. తేడా ఆ తరువాతే బయటపడుతుంది. మొదటిది తన పని తాను చేసుకుంటూ మెల్లగా తేరుకుంటుంది. రెండోది వచ్చిన ధరకు ఆస్తులు అమ్ముకొనో, చవకగా కొత్త షేర్లు జారీ చేసి పాత వాటాదారుల వాటా పలచబరిచో గట్టెక్కాలి, అదీ గట్టెక్కితే. అందుకే ఈ పోలికలో కంపెనీలను వాటి మంచి సంవత్సరంతో కాక, చెడ్డ సంవత్సరంతో కొలిచాను.

పోల్చినవి ఆరు రకాలు: రోజువారీ వాడకపు వస్తువులు తయారుచేసేవి, విద్యుత్తు, నీరు, గ్యాస్ సరఫరా చేసేవి, బ్యాంకులు, మందుల కంపెనీలు, టెలికాం సంస్థలు, నగదు నిల్వలు దండిగా ఉన్న పెద్ద టెక్నాలజీ కంపెనీలు. జాగ్రత్తపరులు సాధారణంగా వీటి మధ్యనే ఊగిసలాడుతుంటారు.

లోపలికి వెళ్లే ముందు ఒక షరతు చెప్పాలి. అయిదేళ్లలోపు తప్పనిసరిగా కావలసిన డబ్బుకు ఈ ఆరింటిలో ఏదీ తగదు. షేరు సగానికి పడితే తిరిగి కొన్న ధరకు చేరడానికి అది రెట్టింపు కావాలి, అందుకు ఎంత కాలం పడుతుందో ముందుగా చెప్పగలిగినవారు లేరు.

ముందు కొలబద్దలు

మొదటిది అప్పు. అప్పు ఎంత ఉందన్న దానికంటే, దాని మీద వడ్డీ కట్టడానికి కంపెనీ ఎంత సులువుగా సంపాదిస్తోందన్నది ముఖ్యం. వ్యాపార లాభం 100, వడ్డీ 12 అయితే వడ్డీకి ఎనిమిది రెట్లకు పైగా సంపాదన ఉన్నట్టు. లాభం సగానికి పడినా నాలుగు రెట్లు మిగులుతుంది, యాజమాన్యానికి నిద్ర పడుతుంది. అదే వడ్డీ 40 అయితే ఇప్పుడున్నది రెండున్నర రెట్లు, లాభం సగమైతే ఒకటింపావు. అప్పటి నుంచి కంపెనీలో నిర్ణయాలు తీసుకునేది యాజమాన్యం కాదు, అప్పిచ్చినవారు. మామూలు వ్యాపారానికి అయిదు రెట్లకు తక్కువ ఉంటే జాగ్రత్తపరుడు పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. దీనితోపాటు ఏ అప్పు ఏ సంవత్సరంలో తీర్చాలో వార్షిక నివేదికలోని ఖాతాల వివరణల్లో ఉంటుంది, అదీ చూడాలి. పదేళ్లపాటు విస్తరించిన అప్పుకూ, వచ్చే ఏడాదే మొత్తం తీర్చవలసిన అప్పుకూ చాలా తేడా ఉంది.

రెండోది నగదు. చాలామంది ఇక్కడే పొరపడతారు కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. రెండు కంపెనీలు ఉన్నాయనుకోండి. రెండింటి నికర లాభమూ 100, రెండూ 60 డివిడెండ్‌గా, అంటే వాటాదారులకు లాభంలో వాటాగా, పంచాయి. లాభంలో ఎంత పంచారో చెప్పే పేఅవుట్ నిష్పత్తి రెండింటికీ 60 శాతమే కాబట్టి, అంతవరకే చూసినవారికి ఇవి కవలలు. ఇప్పుడు నగదు ప్రవాహాల పట్టిక తెరవండి. మొదటి కంపెనీకి వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదు 120, యంత్రాలకూ నిర్మాణాలకూ పెట్టినది 30, మిగిలినది 90. అందులోంచి 60 పంచినా ఇంకా 30 చేతిలో ఉంది. రెండో కంపెనీకి వచ్చిన నగదు 95, యంత్రాలకు పెట్టినది 70, మిగిలినది 25. మరి 60 ఎక్కడి నుంచి పంచింది? అదే పట్టికలో మరికొంత కిందికి వెళితే ‘తీసుకున్న రుణాలు’ అన్న వరుసలో 35 కనిపిస్తుంది. అంటే వాటాదారుకు అందిన డివిడెండ్‌లో సగానికి పైగా అప్పు తెచ్చి ఇచ్చినదే. ఒక్క ఏడాది ఇలా జరిగితే కొత్త కర్మాగారం కట్టారేమో అని సరిపెట్టుకోవచ్చు. మూడేళ్లు వరుసగా జరిగితే ఆ డివిడెండ్‌కు రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

మూడోది కంపెనీ చూసిన అత్యంత చెడ్డ సంవత్సరం. కనీసం పదేళ్ల లెక్కలు తీయాలి, వీలైతే 2008–09 ఆర్థిక సంక్షోభమూ, 2020 మహమ్మారీ రెండూ అందులో ఉండేలా చూసుకోవాలి. సగటు వృద్ధి ఎంతన్నది ఇక్కడ మనకు పనికొచ్చే అంకె కాదు. అమ్మకాలు ఎంత తగ్గాయి, నష్టం వచ్చిందా, డివిడెండ్ కోశారా అన్నవి కావాలి.

నాలుగోది మనం చెల్లించే ధర. గొప్ప కంపెనీని ఏ ధరకైనా కొనవచ్చన్న మాట ఎంత ఖరీదైనదో కోకాకోలా చరిత్ర చెబుతుంది. 1998లో ఆ షేరు శిఖరానికి చేరింది. ఆ తరువాత కంపెనీ కూలిపోలేదు, నష్టాల్లో పడలేదు, ఏటేటా డివిడెండ్ పెంచుతూనే వచ్చింది. అయినా శిఖరం దగ్గర కొన్నవారు ఆ ధరను మళ్లీ చూడడానికి పదేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. మైక్రోసాఫ్ట్‌దీ అదే కథ: 1999 డిసెంబరు నాటి ధరను అది దాటినది 2016లో. ఈ రెండు సందర్భాల్లోనూ తప్పు కంపెనీది కాదు, కొన్న ధరది. షేరు ధరకూ, ఒక్కో షేరుపై లాభానికీ ఉన్న పీఈ నిష్పత్తిని ఆ కంపెనీ సొంత పదేళ్ల సగటుతో పోల్చి చూడడం దీనికి మోటుదే అయినా పనికొచ్చే విరుగుడు.

డివిడెండ్ రాబడి శాతాన్ని కావాలనే ఈ కొలబద్దల్లో చేర్చలేదు. ఆ శాతం డివిడెండ్‌ను షేరు ధరతో భాగిస్తే వచ్చేది. ధర సగానికి పడితే, కంపెనీ ఒక్క పైసా అదనంగా ఇవ్వకపోయినా, 4 శాతం కాస్తా 8 శాతంగా కనిపిస్తుంది. పెద్ద శాతం చాలాసార్లు ఔదార్యానికి కాక, మార్కెట్ అనుమానానికి గుర్తు. దీనికి నాకు తెలిసిన పెద్ద పాఠం జనరల్ ఎలక్ట్రిక్. ఒకప్పుడు భద్రతకు మారుపేరుగా చెప్పుకున్న ఆ కంపెనీ 2009లో త్రైమాసిక డివిడెండ్‌ను షేరుకు 31 సెంట్ల నుంచి 10 సెంట్లకు తగ్గించింది. 1938 తరువాత అది కోత పెట్టడం అదే మొదటిసారి. మెల్లగా పెంచుకుంటూ 24 సెంట్లకు తెచ్చి, 2017 నవంబరులో 12కు, 2018 అక్టోబరులో ఒక్క సెంటుకు దించేసింది. మధ్యలో షేరు పడుతున్నకొద్దీ రాబడి శాతం ఆకర్షణీయంగా కనిపించి, దాన్ని చూసి కొన్నవారు ధరలోనూ, డివిడెండ్‌లోనూ రెండు వైపులా నష్టపోయారు.

ఒక్క చూపులో ఆరు రకాలు

| రకం | చెడ్డ సంవత్సరంలో ఆదాయం | అప్పు | డివిడెండ్ | దెబ్బ ఎక్కడ తగులుతుంది |
|---|---|---|---|---|
| రోజువారీ వస్తువులు | పెద్దగా తగ్గదు | మధ్యస్థం | నిలకడ | ఎక్కువ ధరకు కొనడం, పాతబడే బ్రాండ్లు |
| విద్యుత్తు, నీరు, గ్యాస్ | దాదాపు తగ్గదు | చాలా ఎక్కువ | నిలకడ, నిదాన వృద్ధి | వడ్డీ రేట్లు, నియంత్రణ సంస్థలు, ప్రమాదాల బాధ్యత |
| బ్యాంకులు | బాగా తగ్గవచ్చు | వ్యాపారమే అప్పు | సంక్షోభంలో ఆగిపోవచ్చు | మొండి బాకీలు, డిపాజిటర్ల భయం |
| మందులు | తగ్గదు | మధ్యస్థం | సాధారణంగా నిలకడ | పేటెంట్ గడువు, కోర్టు కేసులు |
| టెలికాం | కొద్దిగా తగ్గుతుంది | ఎక్కువ | పెద్దది, కోతకు గురయ్యేది | ధరల పోటీ, స్పెక్ట్రమ్ ఖర్చు |
| పెద్ద టెక్నాలజీ | కంపెనీని బట్టి | తక్కువ | చిన్నది, వేగంగా పెరిగేది | అతి ధర, సాంకేతిక మార్పు |

రోజువారీ వాడకపు వస్తువులు

సబ్బు, టూత్‌పేస్టు, డైపర్ వంటివి మాంద్యం వచ్చినా కొనక తప్పదు. అందుకే ఈ రకం కంపెనీల అమ్మకాలు చెడ్డ సంవత్సరాల్లోనూ కొద్దిగానే కదులుతాయి. ప్రాక్టర్ అండ్ గాంబుల్, కోకాకోలా అరవై ఏళ్లకు పైగా ఏటా డివిడెండ్ పెంచుతూ వచ్చాయంటే కారణం అదే. మొదటి మూడు కొలబద్దల మీద దీన్ని మించిన రంగం నాకు కనిపించలేదు.

అయితే ఈ సుగుణం అందరికీ తెలిసినదే కాబట్టి ధర ఎప్పుడూ దానికి తగ్గట్టే ఉంటుంది, కొన్నిసార్లు మించీ ఉంటుంది. పైగా వస్తువు తప్పనిసరి అయినంత మాత్రాన బ్రాండు తప్పనిసరి కాదు. క్రాఫ్ట్ హైంజ్ 2019 ఫిబ్రవరిలో తన బ్రాండ్లు, గుడ్‌విల్ (ఇతర కంపెనీలను కొన్నప్పుడు వాటి ఆస్తుల విలువకు మించి చెల్లించిన మొత్తం) విలువలో 1,540 కోట్ల డాలర్లు కొట్టివేసి, డివిడెండ్‌ను 36 శాతం తగ్గించింది. పేరున్న ఆహార బ్రాండ్లే, కానీ విలీనంతో వచ్చిన అప్పు ఒకవైపు, మారుతున్న అభిరుచులు మరోవైపు దాన్ని నొక్కేశాయి. కాబట్టి ఈ రంగంలో బ్యాలెన్స్ షీట్ (ఆస్తులు, అప్పుల పట్టిక) చదివేటప్పుడు గుడ్‌విల్ అన్న వరుస దగ్గర ఆగాలి. మొత్తం ఆస్తుల్లో సగం అదే అయితే, ఆ కంపెనీ ఇతరులను ఎక్కువ ధరకు కొంటూ పెరిగిందని అనుమానించవచ్చు.

విద్యుత్తు, నీరు, గ్యాస్

పెట్టుబడి మీద ఎంత రాబడి తీసుకోవచ్చో చాలా దేశాల్లో నియంత్రణ సంస్థే నిర్ణయిస్తుంది కాబట్టి ఇక్కడ ఆశ్చర్యాలు తక్కువ. అదే కారణంగా పెద్ద వృద్ధీ ఉండదు. ఇవి సహజంగానే భారీ అప్పుతో నడిచే వ్యాపారాలు. పైన చెప్పిన అయిదు రెట్ల నియమాన్ని వీటికి యథాతథంగా పెడితే మంచివి కూడా జారిపోతాయి. వీటిలో ఒకదానితో మరొకదాన్ని పోల్చుకోవడమే సరైన పద్ధతి. వడ్డీ రేట్లు పెరిగినప్పుడు ఈ షేర్లకు రెండు దెబ్బలు తగులుతాయి: అప్పు ఖర్చు పెరుగుతుంది, డిపాజిట్లూ బాండ్లూ మెరుగైన వడ్డీ ఇవ్వడంతో మదుపరులు అటు మళ్లుతారు.

‘కరెంటు కంపెనీ దివాలా తీయదు’ అన్న నమ్మకానికి కాలిఫోర్నియాలోని పీజీ అండ్ ఈ సమాధానం. దాని విద్యుత్ లైన్లతో ముడిపడిన కార్చిచ్చుల నష్టపరిహారపు భారం పెరగడంతో 2017 డిసెంబరులో డివిడెండ్ ఆపేసింది, 2019 జనవరిలో దివాలా రక్షణ కోరింది. గిరాకీ ఒక్క రోజు కూడా తగ్గలేదు, దెబ్బ మరో దిక్కు నుంచి వచ్చింది. ఈ రంగంలో ఒక్క కంపెనీతో సరిపెట్టుకోకుండా, వేర్వేరు ప్రాంతాల్లో పనిచేసే రెండు మూడింటిని తీసుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

బ్యాంకులు

వీటి విషయంలో నా ధోరణి కొంచెం కఠినమైనదని ఒప్పుకుంటాను. బ్యాంకు లోపల ఏముందో బయటి మదుపరికి నిజంగా తెలియదు. రుణాల్లో ఏవి మొండివవుతాయో యాజమాన్యానికే ముందుగా తెలియనప్పుడు వార్షిక నివేదిక చదివిన మనకు ఎలా తెలుస్తుంది? సిలికాన్ వ్యాలీ బ్యాంక్ బాండ్ల అమ్మకంలో నష్టాన్ని 2023 మార్చి 8న ప్రకటించింది. మరునాడు ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి డిపాజిటర్లు ఎగబడ్డారు. 10వ తేదీన నియంత్రణ సంస్థలు దాన్ని మూసివేశాయి. నిన్నటి బ్యాలెన్స్ షీట్‌కు రేపటికే విలువ లేకుండా పోయే వ్యాపారం ఇది.

మరో చిక్కు, బ్యాంకు డివిడెండ్ పూర్తిగా దాని చేతిలో ఉండదు. 2020 మార్చిలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ తన పరిధిలోని బ్యాంకులను డివిడెండ్లు ఇవ్వవద్దని కోరింది. ఆరోగ్యంగా ఉన్న బ్యాంకుల వాటాదారులకూ అప్పుడు ఎదురుచూపే మిగిలింది. అయినా కొనాలనుకునేవారు మూడు అంకెలు చూడాలి: మూలధన నిష్పత్తి (ఇచ్చిన రుణాలతో పోలిస్తే బ్యాంకు సొంత సొమ్ము ఎంత) నియంత్రణ సంస్థ కనీస పరిమితికి ఎంత పైన ఉంది, మొండి బాకీల శాతం ఎటు కదులుతోంది, డిపాజిట్లు చిన్న ఖాతాదారులవా లేక కొద్దిమంది పెద్దలవా. రుణాలు పోటీ బ్యాంకులకంటే చాలా వేగంగా పెరుగుతుంటే అది మెచ్చుకోవలసిన విషయం కాదు.

మందుల కంపెనీలు

జబ్బు మాంద్యం చూసి రాదు, ఆదాయం నిలకడగానే ఉంటుంది. కానీ ఆ ఆదాయం ఒక్కో మందు మీద, ఒక్కో పేటెంట్ మీద ఆధారపడి ఉంటుంది. ఫైజర్ కొలెస్ట్రాల్ మందు లిపిటర్‌కు అమెరికాలో ప్రత్యేక హక్కు 2011 నవంబరులో ముగిసింది. ఆ తేదీ ఎన్నో ఏళ్ల ముందే అందరికీ తెలుసు. ఆ లోటు పూడ్చుకునే ప్రయత్నంలో 2009 జనవరిలో వైయెత్ అనే మరో మందుల కంపెనీ కొనుగోలును ప్రకటించిన రోజునే ఫైజర్ తన డివిడెండ్‌ను సగానికి తగ్గించింది. తెలియకుండా వచ్చే దెబ్బకు ఉదాహరణ మెర్క్: నొప్పి నివారణ మందు వయాక్స్‌ను 2004 సెప్టెంబరు 30న ఉపసంహరించుకుంటే షేరు ఒక్క రోజులో నాలుగో వంతుకు పైగా పడిపోయింది.

ఏ ఒక్క మందూ మొత్తం అమ్మకాల్లో అయిదో వంతు దాటని కంపెనీని ఎంచుకుంటే ఈ రెండు ప్రమాదాలూ చాలావరకు పలచబడతాయి.

టెలికాం

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫోను లేకుండా ఎవరూ ఉండరన్నది నిజమే, కానీ నెట్‌వర్క్‌కూ, స్పెక్ట్రమ్‌కూ (సిగ్నళ్లు పంపే రేడియో తరంగాల హక్కులు) ఎప్పటికప్పుడు డబ్బు పోయాలి, ధర పెంచితే ఖాతాదారు పక్క కంపెనీకి మారిపోతాడు. పెద్ద డివిడెండ్ చూసి దగ్గరైనవారిని వోడాఫోన్ 2019లో, ఏటీ అండ్ టీ 2022లో కోతలతో నిరాశపరిచాయి. నగదు కొలబద్ద దగ్గర ఎక్కువసార్లు తప్పేది ఈ రంగమే.

పెద్ద టెక్నాలజీ కంపెనీలు

జాగ్రత్తపరులు టెక్నాలజీ అన్న మాట వినగానే వెనక్కి తగ్గుతారు. అప్పు, నగదు అన్న రెండు కొలబద్దలతో మాత్రమే చూస్తే ఈ జాబితాలో అత్యంత బలమైన బ్యాలెన్స్ షీట్లు కొన్ని ఇక్కడే ఉన్నాయి. కంపెనీలు అప్పు తీర్చగల సత్తాను అంచనా వేసే ఎస్ అండ్ పీ సంస్థ అత్యున్నత ట్రిపుల్ ఏ రేటింగ్ ఇస్తూ వచ్చిన రెండే అమెరికన్ కంపెనీల్లో ఒకటి జాన్సన్ అండ్ జాన్సన్ అయితే రెండోది మైక్రోసాఫ్ట్. అయితే చిక్కు ధర దగ్గర. కంపెనీకి ఏమీ కాకపోవచ్చు, కానీ షేరు మాత్రం సగానికి పడవచ్చు. ఆ కుదుపును తట్టుకోలేనివారికి బ్యాలెన్స్ షీట్ బలం రాత్రిపూట ధైర్యం చెప్పదు. పదిహేనేళ్ల తరువాత ఆ సాంకేతికత ఉంటుందా అన్న ప్రశ్న సబ్బు కంపెనీకి లేదు, వీటికి ఉంది.

ఎవరికి ఏది

నెలవారీ ఖర్చుల్లో కొంత భాగానికి డివిడెండ్ మీద ఆధారపడే విశ్రాంత జీవులకు రోజువారీ వస్తువుల కంపెనీలు వెన్నెముకగా, విద్యుత్తు, నీటి సరఫరా కంపెనీలు తోడుగా ఉండడం సబబు. రాబడి శాతం ఆశించినదానికంటే తక్కువగా ఉంటుంది. ఆ లోటును టెలికాం షేర్లతో పూడ్చాలన్న కోరికే ఇక్కడ అసలు ప్రమాదం. అవసరమైతే ప్రభుత్వ బాండ్లు, డిపాజిట్లతో పూడ్చుకోవడం మేలు. అలాగే డివిడెండ్‌లో మూడో వంతు ఆగిపోయినా ఇల్లు గడిచేలా లెక్క వేసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఎన్నడూ తగ్గించని చమురు కంపెనీ షెల్ కూడా 2020 ఏప్రిల్‌లో 47 సెంట్ల త్రైమాసిక డివిడెండ్‌ను 16 సెంట్లకు తగ్గించిందని గుర్తుంచుకోవాలి.

పదవీ విరమణకు ఇంకా పది పదిహేనేళ్లు ఉండి, నష్టమంటే భయమున్నవారికి నేడు వచ్చే డివిడెండ్ కంటే అది పెరిగే తీరు ముఖ్యం. రోజువారీ వస్తువులు, మందులు, ఒకటి రెండు టెక్నాలజీ కంపెనీల మిశ్రమం వీరికి సరిపోతుంది. టెక్నాలజీ భాగాన్ని ఒకేసారి కాక రెండు మూడేళ్లలో విడతలుగా కొంటే అతి ధర ప్రమాదం కొంత తగ్గుతుంది.

వార్షిక నివేదిక చదివే తీరిక గాని, ఆసక్తి గాని లేనివారు విడి షేర్ల జోలికి పోకుండా వందలాది కంపెనీలున్న ఇండెక్స్ ఫండ్ తీసుకోవడమే నిజాయితీ గల సలహా. ఏడాదికి ఒక్కో కంపెనీకి నాలుగైదు గంటలు కేటాయించలేకపోతే పైన చెప్పిన కొలబద్దలు కాగితం మీదే ఉండిపోతాయి.

ఇక జీతమిచ్చే కంపెనీ షేర్లే ఎక్కువగా ఉన్నవారి సంగతి. తమ కంపెనీ తమకు బాగా తెలుసన్న ధీమాతో ఉంటారు. 2001 డిసెంబరులో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ కూలినప్పుడు దాని ఉద్యోగుల్లో చాలామందికి ఉద్యోగంతోపాటు, ఆ షేర్లలోనే ఉన్న పదవీ విరమణ నిధి కూడా పోయింది. ఇలాంటివారికి ఏ రంగం మంచిదన్నది తరువాతి ప్రశ్న, ముందు ఉన్నవాటిని తగ్గించుకోవాలి.

ఎంత కొనాలి, ఎప్పుడు అమ్మాలి

ఏ కంపెనీ అయినా మొత్తం షేర్ల మదుపులో 5 శాతం మించకుండా, ఏ రంగమైనా 25 శాతం మించకుండా చూసుకుంటే ఒక పీజీ అండ్ ఈ, ఒక మెర్క్ తగిలినా మిగిలినది నిలుస్తుంది. అంటే కనీసం ఇరవై కంపెనీలు కావాలి. ఇది చాలామందికి ఎక్కువనిపిస్తుంది, వారికి మళ్లీ ఇండెక్స్ ఫండే దారి.

కొన్న రోజున ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి: వడ్డీకి లాభం ఎన్ని రెట్లు, డివిడెండ్ పోగా మిగిలిన నగదు, పదేళ్లలో చెడ్డ సంవత్సరపు లాభం, కొన్నప్పటి పీఈ. ఏటా కొత్త నివేదిక వచ్చినప్పుడు పక్కన కొత్త అంకెలు రాయండి. షేరు ధర పడిందన్న ఒక్క కారణంతో అమ్మవద్దు. కానీ వడ్డీ రెట్లు రెండేళ్లు వరుసగా తగ్గి, డివిడెండ్‌కు నగదు చాలక అప్పు తేవడం కూడా మొదలైతే, ఆనాటి ధర మీరు కొన్నదానికంటే తక్కువే అయినా అమ్మేయండి. కొన్న ధర వస్తే బయటపడదామని ఎదురుచూసేవారికి, తాము ఎంతకు కొన్నారో ఆ కంపెనీకి తెలియదన్న సంగతి తోచదు.